వెళ్ళొచ్చాకే చదవాలి

తిరుపతి చుట్టూ ఒక్క రోజులో చూసెయ్యదగ్గ చోట్లంటూ ఈ మధ్య ఒక వీడియో తెగ తిరుగుతోంది. మా చుట్టాల గ్రూపులోకే రెండు మూడు వైపుల నుంచి వచ్చిపడింది. చంద్రగిరి, శ్రీనివాస మంగాపురం, కాణిపాకం, తలకోన, శ్రీకాళహస్తి, గుడిమల్లం అన్నీ వరసబెట్టి చూపించారు. ఎక్కడ ఎంతసేపు ఆగాలో, ఏ మూల నిలబడి ఫోటో తీసుకోవాలో, దేన్ని చూసి ఆశ్చర్యపోవాలో కూడా చెప్పారు. తలకోన ఊరికి పడమర, కాళహస్తి తూర్పు. రెండూ ఒకే రోజు ఎట్లా కుదురుతాయో మాత్రం చెప్పలేదు.

హైదరాబాదు నుంచి వచ్చిన మా ఆడపడుచు కొడుకు ఆ వీడియో పట్టుకునే బయల్దేరాడు. రాత్రి భోజనాల దగ్గర "ఎట్లుందిరా మా ఊరు?" అని అడిగాను. "బాగుందత్తా, వీడియోలో చూపించినట్టే ఉంది" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. పిల్లవాడు తెలివైనవాడే, మాటకారి కూడా. రోజంతా తిరిగొచ్చి చెప్పడానికి ఏమీ లేకపోయిందంటే తప్పు వాడిది కాదని నా అభిప్రాయం. వాడు చూడాల్సిందంతా వెళ్ళకముందే ఎవరో చూసేశారు. సరిపోయిందో లేదో చూసుకుని రావడమే వాడికి మిగిలింది.

వీడియోల మీద చిరాకుతో రాస్తున్నాననుకోకండి. మంచి పుస్తకం చదివి వెళ్ళినా జరిగేది ఇదేనని నాకనిపిస్తోంది. నేను చదువుకు శత్రువుని కాదు. మా ఇంట్లో బీరువా చాలక పుస్తకాలు వంటింటి అటక మీదికి ఎక్కాయి, పప్పు డబ్బా దించబోతే అప్పుడప్పుడూ ఓ శాసనాల సంపుటం నెత్తిన పడుతుంటుంది. నేననేది ఒక్కటే. పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరగలిగిన చోటికి ఏమీ చదవకుండా వెళ్ళాలి. వచ్చాక చదవాలి. చదివాక మళ్ళీ ఒకసారి వెళ్ళాలి.

మా ఆయన దీనికి పూర్తిగా అడ్డం. రైల్వేలో చేసి రిటైరైన మనిషి, టైం టేబులు చూడకుండా గుమ్మం దిగరు. ఆయనతో వాదించీ వాదించీ నా మాట కొంత మెత్తబడింది, కొంత గట్టిపడింది. అదంతా ఒకచోట పెడదామని ఈ రాత.

చంద్రగిరిలో ఒక పిల్లవాడి ప్రశ్న

తిరుపతిలో పెరిగినవాళ్ళకు చంద్రగిరి కోటంటే స్కూలు వాళ్ళు తీసుకెళ్ళే చోటు. వరసలో నిలబడ్డం, టీచరు కేకలు, బాక్సులో గట్టిపడిపోయిన ఉప్మా. ఆ తర్వాత బస్సులో ఎన్నిసార్లు దాటిపోయినా మళ్ళీ లోపలికి పోవాలనిపించదు. కిందటి చలికాలం ఒక ఆదివారం మేమిద్దరమే పోయాం.

రాజమహల్ ముందు చాలాసేపు నిలబడ్డాను. పైన చూస్తే గుడి గోపురాల్లాంటి శిఖరాలు, కింద చూస్తే వంపు తిరిగిన కమానులు. మూడంతస్తుల మేడ, రాయీ ఇటుకా సున్నంతో కట్టారు, కలప వాడలేదంటారు. లోపల గోడల మందం చూస్తే ఆ చల్లదనం ఎక్కడినుంచి వస్తోందో తెలుస్తుంది. మ్యూజియంలో కంచు విగ్రహాలు చూస్తుంటే మా పక్కన ఒక తండ్రి తన కొడుకుతో అన్నాడు: "ఈడే రా, మద్రాసుని ఇంగ్లీషోళ్ళకి రాసిచ్చేసింది."

ఆ పిల్లవాడు, ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళుంటాయి, వెంటనే అడిగాడు: "ఎంతకి నాయనా?"

తండ్రి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. మా ఆయన అప్పటికే నాలుగు పేజీలు చదువుకుని వచ్చారు, ఆయన దగ్గరా లేదు. ఆయన చదివినదాంట్లో 1639 ఉంది, ఈస్టిండియా కంపెనీ ఏజెంటు ఫ్రాన్సిస్ డే ఉన్నాడు, విజయనగరం చివరి రాజధానుల్లో చంద్రగిరి ఒకటన్న సంగతి ఉంది. ఎంతకి అన్న ప్రశ్న ఆయనకు తట్టలేదు. చదివినవాళ్ళకు ఎందుకు తడుతుంది? చదివింది చదివినట్టే పూర్తిగా ఉంటుంది కదా, దాంట్లో కంత కనపడదు.

ఇంటికొచ్చి వెతికాను. 1639 ఆగస్టు 22 నాటి ఆ పట్టా ఇచ్చింది వందవాసి నాయకుడు దామెర్ల వెంకటాద్రి. పైన రాయలుగా ఉన్నది పెద వేంకటపతి. అమ్మకం కానేకాదు, వెల అంటూ ఏదీ లేదు. కోట కట్టుకోవచ్చు, ఊరిని ఏలుకోవచ్చు, రెండేళ్ళ తర్వాత రేవులో వచ్చే సుంకం చెరిసగం. నాయకుడికి కావలసింది తన తీరంలో వ్యాపారం, తన గుర్రాలకు ఓడలు. తర్వాత 1645లో శ్రీరంగరాయలు తన తరఫున ఇంకో పట్టా ఇచ్చాడు. కాబట్టి మనం "ఈడే రాసిచ్చేసింది" అని ఒక్క ముక్కలో తేల్చేసే పనిలో ఒక నాయకుడు, ఇద్దరు రాయలు, రెండు పట్టాలు ఉన్నాయి. రాజమహల్లో ఏ గదిలో ఎవరు చేవ్రాలు పెట్టారని ఊహించుకోవడం కంటే, చేతిలో బలం తగ్గిపోతున్న రాయలు, సొంత లెక్కలు వేసుకుంటున్న నాయకుడు, వీళ్ళిద్దరి మధ్య దూరిన ఒక కంపెనీ ఏజెంటు, ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఆ మేడ ఎక్కువ అర్థమైంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తగిలింది. చంద్రగిరి గురించి పాత రికార్డులు చూడాలంటే ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్ తియ్యాలి, 1881లో అచ్చయింది. మదనపల్లె గురించి కావాలంటే కడప జిల్లా మాన్యువల్ తియ్యాలి. ఎందుకంటే చిత్తూరు జిల్లా అన్నది 1911 దాకా లేనే లేదు. రెండు చోట్ల నుంచి తాలూకాలు తెచ్చి అతికిస్తే జిల్లా అయింది. 1960లో తిరుత్తణిని మద్రాసు రాష్ట్రానికి ఇచ్చేశాం. 2022లో తిరుపతి విడిగా జిల్లా అయింది. మావాళ్ళు "మాది చిత్తూరు" అని ఛాతీ విరుచుకునేటప్పుడు నాకిప్పుడు కొంచెం నవ్వొస్తుంది. నేనూ అలా అనేదాన్నే.

ఆ పిల్లవాడు అడగకపోతే ఈ మాన్యువళ్ళ జోలికి పోయేదాన్ని కాదు. పన్నుల లెక్కలు, చెరువుల లెక్కలు, ఎవరు చదువుతారు? ప్రశ్న ఉంటే మాత్రం ఆ లెక్కలే కథలాగా చదివిస్తాయి.

గుడిమల్లం, దారిలో పాపానాయుడుపేట

నా వాదానికి అసలైన ఆధారం గుడిమల్లం. ఎదురుదెబ్బ తగిలింది కూడా అక్కడే.

రేణిగుంట దాటి పాపానాయుడుపేట మీదుగా పోతే గుడిమల్లం వస్తుంది. సువర్ణముఖి పక్కన మామూలు పల్లె. పరశురామేశ్వరాలయం బయటినుంచి చూస్తే ఇంత పేరు ఎందుకొచ్చిందా అనిపిస్తుంది. వెనకవైపు తిరిగి చూస్తే గర్భగుడి గోడ గుండ్రంగా, ఏనుగు వీపులా వంగి ఉంటుంది. లోపలికి పోతే గర్భగుడి నేల మంటపం కంటే పల్లంలో ఉంది. ఆ పల్లంలో, దాదాపు ఐదడుగుల ఎత్తున, లింగం. దాని ముందు భాగంలో చెక్కిన ఒక మనిషి.

అర్చకస్వామి హారతి పళ్ళెం పైకెత్తి ఒక్కో భాగమూ చూపించారు. మొదట ముఖం, తర్వాత భుజం, తర్వాత చేతులు, చివర పాదాలు. ఆ మనిషి నిలబడింది ఒక మరుగుజ్జు భుజాల మీద. కుడిచేతిలోంచి ఏదో వేలాడుతోంది. వెలుతురు అక్కడ నిలిచేలోగా హారతి కిందికి దిగిపోయింది. అదేమిటో పోల్చుకోలేకపోయాను. మనకు తెలిసిన శివుడిలా లేడన్నది మాత్రం గట్టిగా తగిలింది. నాగాభరణాల్లేవు, నాలుగు చేతుల్లేవు. అడవిలోంచి అప్పుడే వచ్చి నిలబడ్డ మనిషిలా ఉన్నాడు.

ముందే చదివి ఉంటే నాకు ఏం కనపడేది? "ప్రపంచంలోకెల్లా మొట్టమొదటి శివలింగం" కనపడేది. ఫోన్లలో తిరిగే ప్రతి ఫార్వర్డూ ఆ వాక్యంతోనే మొదలవుతుంది. ఆ వాక్యం తలలో పెట్టుకుని వెళ్తే రాయిని చూడం, మొట్టమొదటిదన్న గొప్పని చూసి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాం. చేతిలో వేలాడేదేమిటన్న ప్రశ్నకు చోటుండదు.

వచ్చాక చదివాను. వేలాడుతున్నది పొట్టేలు, వెనక కాళ్ళు పట్టుకుని తలకిందులుగా. ఎడమచేతిలో చిన్న కుండ, ఎడమ భుజం మీద గొడ్డలి. గుడికి పరశురాముడి పేరు ఆ గొడ్డలి వల్లనే వచ్చిందంటారు. కాలం దగ్గర పండితులకు కుదరలేదు. క్రీస్తు పూర్వం మూడు, రెండు శతాబ్దాలని కొందరంటారు, అంత వెనక్కి పోదని ఇంకొందరంటారు. 1973లో పురావస్తు శాఖ తవ్వినప్పుడు లింగం చుట్టూ రాతి కంచె బయటపడింది. అంటే గోడలూ కప్పూ రాకముందు ఆ లింగం ఆరుబయట, కంచె మధ్యలో నిలబడి ఉండేదన్నమాట. ఈ ఒక్క సంగతీ నాకు "మొట్టమొదటిది" అన్న మాటకంటే ఎంతో పెద్దదిగా తోచింది. గుడి తర్వాత వచ్చింది, దేవుడు ముందు నుంచీ ఎండలో వానలో ఉన్నాడు.

మళ్ళీ వెళ్ళాను. ఈసారి హారతి కుడిచేతి దగ్గరికి వచ్చేసరికి కళ్ళు అక్కడే పెట్టుకుని ఉన్నాను. పొట్టేలు తల, చెవులు, కిందికి వేలాడే ఆ బరువు స్పష్టంగా కనిపించాయి. గుడి బయటికొచ్చి ఆ పల్లమంతా ఆరుబయలుగా ఊహించుకోడానికి కాసేపు నిలబడ్డాను. గోడల్ని తీసెయ్యడం అనుకున్నంత సులువు కాదు, అయినా కొంచెం కుదిరింది.

ఏ జాబితాలోనూ లేని పాపానాయుడుపేట సంగతి కూడా చెప్పాలి. గుడిమల్లం వెళ్ళేవాళ్ళంతా ఆ ఊరు దాటే పోతారు, కారు అద్దం కూడా దించరు. మేము టీ కోసం ఆగాం. ఒక ఇంటి అరుగు మీద ఇద్దరాడవాళ్ళు చేటలో ఏవో రంగురంగుల గింజలు పోసుకుని దారానికి గుచ్చుతున్నారు. దగ్గరికెళ్తే గాజుపూసలు. కుంకుడు గింజంతవి కావు, ఆవగింజకు కాస్త పెద్దవి. "ఇవి యాడ చేస్తారక్కా?" అని అడిగితే, ఒకామె చెయ్యి కూడా ఆపకుండా "ఈ ఊర్లోనే. బట్టీల్లో" అంది. తర్వాత చదివితే తెలిసింది: గాజు కరిగించి, దాన్ని సన్నటి బోలు గొట్టంగా లాగి, ముక్కలు కొట్టి, మళ్ళీ వేడి చేసి అంచులు గుండ్రం చేసే ఈ పద్ధతి, రెండు వేల ఏళ్ళ కిందట పుదుచ్చేరి దగ్గర అరికమేడులో పూసలు చేసిన పద్ధతి ఒకే కుదురుకు చెందినవట. విదేశాల నుంచి పరిశోధకులు వచ్చి ఈ ఊరి బట్టీల ముందు కూర్చుని రాసుకుని పోయారు. మేం టీ తాగడానికి ఆగాం కాబట్టి తెలిసింది. గుడిమల్లం గురించి అన్నీ చదువుకుని, టైము చూసుకుంటూ పోయేవాళ్ళు టీకి ఎందుకాగుతారు?

కన్నప్ప అడ్డొచ్చాడు

ఇంతదాకా నా వాదం బాగానే నడిచింది. ఇక్కడే నాకు అనుమానం మొదలైంది.

గుడిమల్లంలో ఆ మనిషిని చూడగానే మా ఆయన నా చెవిలో "కన్నప్పలా లేడూ?" అన్నారు. నాకూ సరిగ్గా అదే అనిపించింది. వేటగాడు, మాంసం, అడవి. కాళహస్తి అక్కడికి ఎంతో దూరం లేదు. ఊళ్ళో పుట్టిన ప్రతివాళ్ళూ సాలెపురుగు, పాము, ఏనుగు కథ వింటూ, కన్నప్ప కన్ను పెకలించుకునే చోటికి రాగానే కళ్ళు మూసుకుంటూ పెరిగారు. అంటే ఏమీ చదవకుండా వెళ్ళానన్నది ఉత్తమాటేనా? అవ్వ చెప్పిన కథ నాలో ముందే ఉంది. నేను రాయిని చూశానా, కథని చూశానా?

వచ్చాక చదివింది ఇంకొంచెం ఇబ్బంది పెట్టింది. కన్నప్ప కథను విస్తారంగా చెప్పిన తమిళ పెరియ పురాణం 12వ శతాబ్దానిది. దాన్ని తెలుగులో చెప్పిన మన ధూర్జటి 16వ శతాబ్దం వాడు. ఆ లింగాన్ని ఎంత ఈమధ్యదిగా లెక్కేసినా వీళ్ళిద్దరికంటే వందల ఏళ్ళు పాతది. చెక్కినవాడి మనసులో కన్నప్ప ఉండి ఉండడు, వేదాల్లో ఉన్న వేటగాడైన రుద్రుడు ఉన్నాడేమో. నా కన్ను కథను తీసుకెళ్ళి రాతికి తొడిగింది.

దీనికి మా ఆయన వేసిన ప్రశ్న గట్టిది. "నీ తలలో కథ ఎట్లాగూ ఉంది. అది తప్పో ఒప్పో తెలియని కథ. దాని బదులు పండితుడు రాసిన నాలుగు మాటలు పెట్టుకుని పోతే నష్టమేంటి?"

చాలా రోజులు దీనికి జవాబు దొరకలేదు. ఇప్పుడు నాకు తోస్తున్నది ఇది: అవ్వ చెప్పిన కథ నన్ను "వేటగాడిలా ఉన్నాడే" అనేదాకా తీసుకెళ్ళి వదిలేసింది. అక్కడినుంచి దారి నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. పండితుడి వ్యాసమైతే చివరిదాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముగింపు దగ్గర నిలబెడుతుంది. అయినా ఇది పూర్తి జవాబు కాదని నాకు తెలుసు. ఖాళీ కళ్ళతో వెళ్ళడమన్నది ఎవరికీ కుదిరే పని కాదు. కథలు పుట్టుకతో ఎక్కేస్తాయి, చదువు మనం ఎక్కించుకుంటాం. రెండోదాన్ని కాస్త వాయిదా వెయ్యచ్చు, అంతవరకే నా పట్టు.

పితికిపప్పు

ఇదే గొడవ వంటింట్లోనూ ఉంది. మా అత్తది పలమనేరు పక్క పల్లె. ధనుర్మాసం వచ్చిందంటే ఆమెకు చిక్కుడు జాతి అనపకాయల ధ్యాస తప్ప ఇంకోటి ఉండదు. మంచు పడ్డాకే కాయకు వాసన వస్తుందని ఆమె నమ్మకం. నిజంగానే ఆ కాయలు వలిస్తే వేళ్ళకు ఒక జిడ్డూ ఒక ఘాటూ అంటుకుంటాయి, సబ్బుతో కడిగినా సాయంత్రందాకా పోవు.

అనపగింజల తోలు పితికి తీసేసి వండే పితికిపప్పు పెళ్ళైన కొత్తలో నాకు తెలియదు. ఈ కాలమైతే ఫోన్లో చూసుకుని చేసేదాన్ని. అప్పుడు ఆమె చెప్పిందే వేదం, ఆమె చెప్పేదీ చాలా తక్కువ. రాత్రి గింజలు నానేసి పొద్దున్నే గిన్నె ముందర పెట్టి "పితుకు మే" అనేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను పట్టుకుని ఒక్క నొక్కు నొక్కితే తోలు వేళ్ళలో ఉండిపోయి పప్పు టప్పున గిన్నెలో పడాలి. నాకు అది గోడకు తగిలేది. ఆమె నవ్వేది కాదు, కోప్పడేది కాదు, గోడ దగ్గర పడ్డ పప్పుల్ని ఏరి కడిగి గిన్నెలో వేసేది.

తిరగవాత పెట్టి, ఎర్రగడ్డలు, టమోటాలు మగ్గాక, ధనియాలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, టెంకాయ నూరిన ముద్ద వేసి పప్పు ఉడకనివ్వడం. అంతే పని. "ఎంత ఎయ్యాల అత్తా?" అని అడిగితే "వాసన చూడు, అదే చెప్తాది" అనేది. వాసన నాకేమీ చెప్పేది కాదు. రెండు మూడు చలికాలాలు పోయాక చెప్పడం మొదలుపెట్టింది. పచ్చిధనియాల వాసన పోయి, టెంకాయ వాసన పైకొచ్చే క్షణం ఒకటుంటుంది. అప్పుడు నీళ్ళు పొయ్యాలి. ఏ వంటల పుస్తకంలోనైనా "ఐదు నిమిషాలు వేయించండి" అని ఉంటుంది. ఆ ఐదు నిమిషాలు చదివి మొదలుపెట్టి ఉంటే నేను గడియారం చూసేదాన్ని, ముక్కుకు పని ఉండేది కాదు.

మరి చదువు ఎప్పుడు పనికొచ్చింది? ఈమధ్యే. మా ఇంట్లో పితికిపప్పు పక్కన రాగిసంగటే ఉండాలి, అన్నంలోకి వడ్డిస్తే మా అత్త మొహం చిట్లిస్తుంది. రుచి కోసమనుకునేదాన్ని. మొన్న మెట్టపంటల మీద ఏదో చదువుతుంటే, కుప్పం పక్కా, అవతల కర్ణాటకలోనూ రాగి సాళ్ళ మధ్య అనప విత్తడం పాత అలవాటని కనిపించింది. రాగి తక్కువ వానకే పండుతుంది, కోతకొచ్చాక అనప ఇంకా పచ్చగా నిలబడి మంచుకు కాస్తుంది. ఒకే చేలోంచి సంగటీ, దాంట్లోకి పప్పూ. మా అత్తకు చదివి వినిపిస్తే "దీనికి పుస్తకం రాసినారా? మా నాయన చేన్లో అట్లనే కదా ఏసేది" అంది. ఆమె చిట్లింపు వెనక ఒక చేనుంది. నాకు పాతికేళ్ళ సంగటి తిన్నాక ఆ చేను కనపడింది. మొదటిరోజే ఎవరైనా "ఇది అంతరపంటల ఫలితం" అని చెప్పి ఉంటే తలాడించి మర్చిపోయేదాన్ని.

ఒప్పుకోవాల్సినవి

ఆవకాయకు నా మాట పని చెయ్యదు. ఉప్పూ కారమూ ఆవపిండీ ముందే కొలత తెలియాలి, "వాసన చెప్తాది" అనుకుంటే ఏడాది కాయ బూజు పడుతుంది. పాడైతే మళ్ళీ చెయ్యడానికి మామిడికాయలు వచ్చే ఏడుగానీ రావు.

అదే లెక్క నాగలాపురానికీ. కృష్ణదేవరాయలు తల్లి నాగమాంబ పేరుతో వెలసిన ఊరు, మత్స్యరూపంలో ఉన్న వేదనారాయణస్వామి. మార్చి చివర్లో కొద్ది రోజులు మాత్రం సాయంత్రపు ఎండ గర్భగుడిలోకి దూరి ఒక రోజు పాదాల మీద, ఒక రోజు నాభి మీద, ఒక రోజు శిరస్సు మీద పడుతుంది. ఇది తెలియకుండా జూన్లో వెళ్ళి, వచ్చాక చదివి, అయ్యో అనుకుంటే వచ్చే మార్చిదాకా ఆగాలి. నేలపట్టు పక్షుల కేంద్రంలో కొంగలూ అంతే. గూడబాతులు చలికాలంలోనే చెట్ల మీద గూళ్ళు కడతాయి, మే నెలలో ఖాళీ కొమ్మలు చూసి రావాలి. "నీ మాట విని పోతే చంద్రగిరి మ్యూజియంకి శుక్రవారమే పోతాం, తాళం చూసుకుని వస్తాం" అని మా ఆయన వెటకారం. దీనికి మాత్రం నా దగ్గర జవాబుంది. తలుపు ఎప్పుడు తెరుస్తారో తెలుసుకోవడం వేరు, తలుపు వెనక ఏముందో తెలుసుకోవడం వేరు.

అన్నిటికంటే పెద్ద ఎదురుమాట ఆయనది కాదు. మా ఊరికి రోజూ దిగే వేలమందిది. శ్రీకాకుళం నుంచో నాందేడు నుంచో జన్మకొకసారి వచ్చే మనిషికి "ఒకసారి ఊరికే చూసి పో, చదువుకుని మళ్ళీ రా" అని చెప్పడానికి నాకేం హక్కుంది? ఆమె కొండెక్కి దిగి, తిరుచానూరు చూసుకుని, మిగిలిన ఒక్క పూటలో గుడిమల్లం వెళ్తే, పొట్టేలు ఎక్కడుందో ముందే ఎవరైనా చెప్పడమే మర్యాద. నా పద్ధతి దగ్గరలో ఉన్నవాళ్ళ సుఖం. మా ఆడపడుచు కొడుకు మీద నేను విసుక్కోవడమూ అందుకే పూర్తిగా న్యాయం కాదు. వాడికి సెలవు రెండు రోజులు.

అయితే తిరుపతివాళ్ళకు ఆ సాకు లేదు. అరగంటలో చంద్రగిరి, గంటలోపు గుడిమల్లం. మనవాళ్ళు సెలవొస్తే ఊటీకి, కేరళకు బుక్ చేసుకుంటారు, రెండోసారి వెళ్ళే వీలులేని చోట్లకి. మళ్ళీ మళ్ళీ పోగలిగినవాటిని మాత్రం చుట్టాలొచ్చినప్పుడు చూపించడానికి అట్టే పెడతారు. ఈ ఊళ్ళో ఉండడం వల్ల మనకున్న అసలు వసతి ఆ రెండో ప్రయాణమే. దానికి ఖర్చంటూ పెద్దగా ఏమీ లేదు. పెట్రోలు, కాస్త చింతపండు పులిహోర, ఒక డబ్బా పెరుగన్నం. పెరుగన్నంలో పెరుగు తక్కువ, కాచి చల్లార్చిన పాలు ఎక్కువ వేసి కలిపితే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుని ఉంటుంది, పులవదు.

ఇప్పుడు మా ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం నడుస్తోంది. వెళ్ళేముందు ఆయన చదువుకుంటారు, నేను చదవను. అక్కడున్నంతసేపూ ఆయన నోరు విప్పకూడదు. ఇది ఆయనకు నరకం. మొన్న నారాయణవనంలో "ఆ పైన చూడు" దాకా వచ్చి, నా చూపు చూసి, మిగిలిన మాట పులిహోరతో పాటు మింగేశారు. తిరుగు ప్రయాణంలో పుత్తూరు దాటాక ఆయన మాట్లాడచ్చు. అప్పటినుంచి ఇల్లు చేరేదాకా ఆగరు. మధ్యలో నేను ఏదైనా అడిగితే, "అది నేను చదివినదాంట్లో లేదే" అని ఆయన దిగాలు పడడం కూడా జరుగుతుంటుంది. అప్పుడు రాత్రి భోజనాలయ్యాక అటక మీంచి ఏదో ఒకటి దించాల్సి వస్తుంది, స్టూలు నేనే పట్టుకుంటాను.